నిమ్మచెట్టు కింద

సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకివ్వడానికి, సముద్రం వైపు ఇంకో గది కడదామని ఆర్గీరిస్ పునాది తవ్వుతుంటే గడ్డపార ఖంగుమంది. మట్టి తుడిచి చూస్తే ఏదో పురాతన విగ్రహపు పాలరాతి పాదం. బొటనవేలి గోరు కూడా చెక్కుచెదరలేదు.

"ఎంత ముద్దుగా ఉందో చూడవే! పురావస్తు శాఖకు కబురు పెడదాం."

భార్య పొలిక్సేనీ నెత్తి కొట్టుకుంది. "పెట్టు, పెట్టు! రేపే వచ్చి చుట్టూ తాడు కడతారు. మనవలకు పెళ్లిళ్లయినా మన గది లేవదు. పాతిపెట్టు మహానుభావా!"

"ఎక్కడ?"

"నిమ్మచెట్టు కింద."

"చెట్టు చచ్చిపోతుందని అమ్మ అక్కడ పుల్ల కూడా గుచ్చనిచ్చేది కాదు కదే!"

"ఆవిడే పోయింది. తవ్వు."

మూరెడు లోతు దిగాడో లేదో గడ్డపారకు మళ్లీ ఏదో తగిలింది. సగం చివికిన నీలిపూల ఏప్రన్. అత్తగారిదే. విప్పితే అందులో పాలరాతి చెయ్యి!

"అమ్మ వంటిల్లు కట్టించినప్పటిదై ఉంటుంది," అన్నాడు ఆర్గీరిస్ నీరసంగా.

పొలిక్సేనీ తన ఏప్రన్ విప్పి, పాదానికి చుట్టి, చేతి పక్కన పడుకోబెట్టింది.

మరుసటి వేసవిలో ఆ గదిలో దిగిన జర్మన్ అమ్మాయి, శిథిలాల కోసం ఎండలో కొండలన్నీ తిరిగి, సముద్రంలో మునిగి, ఉసూరుమంటూ వచ్చింది.

"మీ ఊళ్లో చూడదగ్గ పాతవేమీ లేవా?"

"మేమిద్దరం ఉన్నాం కదమ్మా," అంది పొలిక్సేనీ కాఫీ కలుపుతూ.

ఆ పిల్ల నవ్వి, బీచ్ గొడుగును నిమ్మచెట్టు మొదట్లో గుచ్చబోయింది.

"అక్కడొద్దు తల్లీ! చెట్టు చచ్చిపోతుంది!" అని అరిచింది పొలిక్సేనీ.

ఆర్గీరిస్ ఉలిక్కిపడి, లోపల గోడ మీదున్న అమ్మ ఫొటో వైపు చూశాడు.