ఎడమ చెవి గిటారు

"ఆపరా వాణ్ణి! ఎక్కడైనా కాస్త సందు ఇస్తాడా?"

క్లోవిస్ హెడ్‌ఫోన్లు లాగి ఒళ్లో పడేశాడు. రికార్డింగు గది అద్దం అవతల సౌండ్ ఇంజనీరు మెర్విన్ టేపు ఆపాడు.

ఇంతసేపూ ఎడమ చెవిలో మోగిన గిటారు నలభై ఏళ్ల కిందటిది. ఆ కుర్రాడు తన వంతు వాయించేసి, సబ్బు ప్రకటనకు వాయించమని పిలుపొస్తే మిగతాది గాలికొదిలేసి పోయాడు. ఆ రోజు టేపు తిప్పిందీ మెర్వినే. రెండో గిటారు లేక ఆ టేపు గోదాములో మగ్గింది. ఇన్నాళ్లకు కంపెనీవాళ్లకు దాని మీద మనసైంది. కుడి చెవి గిటారు క్లోవిస్ నింపాలి.

లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో అంటే మూడు గంటల ముచ్చట. పదికి మొదలుపెడితే ఒంటిగంటకు లేవాల్సిందే. ఈలోపు కుదిరితే రికార్డు అట్ట మీద క్లోవిస్ పేరు పడుతుంది. కుదరకపోతే టేపు మళ్లీ గోదాముకే.

జన్మంతా అతను పరాయివాళ్ల పాటలకే వాయించాడు. అమెరికాలో అతని గిటారు విననివాడు లేడు. గోడ మీద బల్లి కూడా వినే ఉంటుంది. పేరు మాత్రం ఒక్క అట్ట మీదా లేదు.

ఐదోసారి మొదలైంది. క్లోవిస్ వేలు కదిపేలోపే అవతలివాడు పది స్వరాలు కుమ్మరించాడు.

"వీడికి గిటారు నేర్పినవాణ్ణి తన్నాలి!"

"నేర్పింది వాళ్ల నాన్న. పోయిన పెద్దమనిషిని ఎలా తంతావురా?" మెర్విన్ నవ్వాడు. "అయినా మీ ఆవిడ మనసు పడింది వాడి వాయింపుకే కదా. ఆ కడుపుమంటా ఇది?"

"ఇప్పటికీ కాఫీ ఇస్తూ వాడి ఊసే ఎత్తుతుంది. నాకు వాడి చురుకు లేదట!"

ఒంటిగంటకు పది నిమిషాలుంది. వేళ్ల కణుపులు వాచాయి.

"ఇదే ఆఖరుసారి," అన్నాడు మెర్విన్.

ఈసారి క్లోవిస్ వాణ్ణి తరమలేదు. వాడు పరిగెత్తినంతసేపూ ఊరుకున్నాడు. ఎక్కడో వాడు రెప్పపాటు ఊపిరి పీల్చుకున్న చోట ఒకే ఒక్క స్వరం ఆనించాడు, రొప్పుతున్న పిల్లాడి వీపు మీద చెయ్యి వేసినట్టు. మళ్లీ ఊరుకున్నాడు. మళ్లీ ఒక్కటి.

టేపు ఆగింది. మెర్విన్ అద్దం అవతలి నుంచి తలూపాడు.

"కుదిరిందిరా."

"ఏం కుదరడం! ఇవాళ కూడా వాడే బాగా వాయించాడు," అని విసుక్కుంటూ క్లోవిస్ గిటారును పెట్టెలో పడుకోబెట్టాడు.

మెర్విన్ కలం తీసి టేపు డబ్బా మీద 'కుడి గిటారు: క్లోవిస్ హార్గెట్' అని రాశాడు. దాని పైన, నలభై ఏళ్ల కిందట 'ఎడమ గిటారు' ఎదురుగా తాను రాసిన పేరూ అదే.