అగ్నిఖడ్గం దొరికిన తేదీ

వెయ్యిసార్లు రానిది మరుసటిసారైనా వస్తుందా? నందిగామ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే నాకే ఏళ్లుగా ఈ అనుమానం.

జగ్గయ్యపేటలో ఉండే నా స్నేహితురాలు కృపాజ్యోతీ, నేనూ రోజూ ఫోన్లలో కలిసి ఆడే ఆటలో రాక్షసుణ్ణి చంపితే, వెయ్యిసార్లలో ఒక్కసారి అగ్నిఖడ్గం దొరుకుతుంది. ఎవరికి దొరికినా ఆ రోజే ఆట మానేద్దామని ఒట్టు పెట్టుకున్నాం. ఇవాళా రాలేదని తను నిట్టూరిస్తే లెక్కలు చెప్పి ఓదార్చేదాన్ని.

మొన్న వాళ్లింటికెళ్లి తన ఫోన్ చూశా. ఖడ్గం ఉంది. దొరికిన తేదీ రెండేళ్ల కిందటిది!

"ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశావటే?"

"చెబితే మానేస్తావుగా! రోజూ నాతో ఇంకెవరు మాట్లాడతారే?"

ఫోన్ తన చేతిలో పెట్టి వచ్చేశా. బస్సు చిల్లకల్లు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నా.

మోసపోయినందుకో, ఆట అయిపోయినందుకో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.