ముందు ఒక్క రూపాయి

"అక్కా, గుడ్డల కొట్టాయన నంబరు మార్చాడట. యూనిఫారాల గుడ్డకి అడ్వాన్సు దీనికే పంపెయ్," అన్నాడు తమ్ముడు, కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ.

దర్జీ అక్క మిషను ఆపి ఫోను అందుకుంది. ఆ నంబరు కొడితే తెర మీద ఏదో దుకాణం పేరు కనిపించింది.

"ఉండరా, ముందు ఒక్క రూపాయి పంపుతాను. చేరిందంటే మిగతాది."

"ఇప్పుడా చాదస్తం ఎందుకే? అవతల సరుకు ఇంకెవరికో ఇచ్చేస్తాడు!"

అక్కకి నవ్వొచ్చింది. ఫోను కొనిచ్చిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని ఆ చాదస్తం నేర్పింది వీడే. అప్పటినుంచి దారపుండ కొన్నా ముందు రూపాయే పంపి, "చేరిందా?" అని అడిగేది. బజారులో అందరికీ ఆమె 'రూపాయక్క' అయిపోయింది.

అలవాటు చొప్పున రూపాయి పంపేసింది.

తమ్ముడి చొక్కా జేబులోంచి ఫోను హుషారుగా పలికింది: "ఒక రూపాయి అందింది."

వాడి చెయ్యి గబుక్కున జేబు మీదకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆ జేబు కుట్టింది ఆమే.

అక్క తన ఫోనుని కత్తెర పక్కన బోర్లించింది. ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"చేరిందారా?"