ఒక్క ఆలస్యం చాలు

“మూడు నిమిషాల పది సెకన్లు! రాసుకున్నారామ్మా?” అన్నాడు గుమస్తా, కిటికీలోంచి తల బయటికి పెట్టి.

ఆమె రాసుకుంది. ఏడుపొక్కటే తక్కువ. ధ్రువపత్రాల ఆఫీసులో ఈ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చోవడం ఇది ఎనిమిదో రోజు. ఆఖరి రోజు కూడా ఇదే. ఎం.ఏ. థీసిస్ కోసం ఆమె ఎంచుకున్న విషయం ‘ఆఫీసుల్లో పనులు ఎందుకు ఆలస్యమవుతాయి?’ ఈ ఎనిమిది రోజుల్లో ఆమె కళ్ళబడిన ఆలస్యాలు సున్నా.

నిజానికి ఈ గుమస్తా సామాన్యుడు కాదు. చెప్పులరిగేలా తిప్పించుకోవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని నలుగురూ చెప్పగా విని, ఏరికోరి ఈ కిటికీకే వచ్చింది. తీరా ఆమె నోటుబుక్కు తెరిచిన క్షణం నుంచీ ఆయనకి పూనకం వచ్చినట్టయింది. దరఖాస్తు చేతిలో పడటమే ఆలస్యం, స్టాంపు ధన్‌మని పడుతోంది. ఫారాలు నింపడం రానివాళ్ళకి తనే నింపిపెడుతున్నాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఎడంచేత్తో ఫైలు తిప్పుతూనే కానిచ్చేస్తున్నాడు.

ఫోన్ మోగింది. గైడు. ఆమె లేచి గోడవైపు తిరిగి ఎత్తింది.

“దొరికిందా?”

“లేదు సార్. సగటున నాలుగు నిమిషాల్లో పనైపోతోంది.”

“ఆలస్యం మీద థీసిస్, ఆలస్యమే లేకుండానా? చరిత్ర, ఆర్థికం, మనస్తత్వం, సమాజం, నాలుగూ కలిపి రెండేళ్ళు నూరిపోశామే! నాలుగింట్లో ఏ ఒక్కదానికీ ఏమీ కనపడలేదా?”

“జనం చెప్పినవి బోలెడున్నాయి సార్. ప్లంబరు ఒకాయన పోయినేడాది ఒక్క కాగితం కోసం పదకొండుసార్లు తిరిగాడట.”

“‘అట’లు పనికిరావు. నువ్వు కళ్ళారా చూసింది ఒక్కటి కావాలి. ఒక్కటంటే ఒక్కటి. ఈ సాయంత్రంలోగా దొరక్కపోతే వచ్చే ఏడాది బ్యాచ్‌తో కలిసి మళ్ళీ మొదలుపెట్టుకో.”

ఏడాదంటే మాటలా! ఆమె ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

“ఏంటమ్మా, మొహం అలా వాడిపోయింది?” అంది వరుసలో ముందున్న పెద్దావిడ. “ఇంతకీ నువ్వు చదివేదేంటి?”

“సమాజ శాస్త్రాలు పెద్దమ్మా. అన్నీ కలిపి ఒకటే డిగ్రీ.”

“కలగూరగంపన్నమాట.”

“అలాంటిదే. ఈయన ఒక్క పనైనా ఆలస్యం చెయ్యకపోతే నేను ఫెయిలే.”

“ఫెయిలైతే మళ్ళీ వచ్చి ఇక్కడే కూర్చుంటావా?”

“కూర్చోవాలి మరి.”

“అయితే నిక్షేపంగా ఫెయిలవ్వు తల్లీ! మా చిన్నకోడలికి ఇప్పుడు ఆరో నెల. పుట్టిన సర్టిఫికెట్టు వేళకి నువ్వుంటే మాకు అదే పదివేలు.”

వెనకనున్న ప్లంబరు ముందుకి వంగాడు. “అవునక్కా. మీరుంటే నాకు ఒక్క పూటలో పనైపోతోంది. కుర్చీ గట్టిగా ఉందంటే చెప్పండి, దిండు నేను తెస్తా.”

వరుస వరుసంతా తలూపింది. ఆమె చదువు ఏమైపోయినా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

నాలుగున్నరకల్లా వరుస ఖాళీ అయిపోయింది. పెద్దావిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆమెని మనసారా దీవించి మరీ వెళ్ళింది. ఇంకో అరగంటలో కిటికీ మూసేస్తారు. ఆమె సిగ్గు విడిచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“సార్, మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి సార్. నాకోసం మారొద్దు.”

“నేను రోజూ ఇంతేనమ్మా.”

“ఒక్క దరఖాస్తు, ఒకే ఒక్కటి, కాసేపు పక్కన పడేయండి. మీ పేరు ఎక్కడా రాయను. మీకు పుణ్యముంటుంది.”

గుమస్తా గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. “ఎంత మాటన్నారు! జనం పని పక్కన పడేయడమా? అదీ నేనా?” అని నొచ్చుకుని, ఆమె నోటుబుక్కు వైపు ఓరగా చూశాడు. “కావాలంటే ఇది కూడా రాసుకోండి.”

ఇక లాభం లేదని ఆమెకి అర్థమైంది. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నోటుబుక్కు మూసి, సంచిలో పడేసి, జిప్పు లాగేసింది. ఎనిమిది రోజులు పడిగాపులు పడినందుకు కనీసం కాలేజీవాళ్ళడిగిన హాజరు కాగితమైనా తీసుకుపోదామని, దాన్ని కిటికీలోంచి లోపలికి జరిపింది.

“నేను ఇక్కడ ఎనిమిది రోజులు కూర్చున్నానని ఒక సంతకం, ఒక స్టాంపు సార్. వెళ్ళిపోతాను.”

గుమస్తా కాగితం వైపు చూడలేదు. సంచి వైపు చూశాడు.

“రాసుకోవడం అయిపోయిందా అమ్మా?”

“అయిపోయింది సార్.”

“ఇక కూర్చోరా?”

“కూర్చోను సార్.”

గుమస్తా హమ్మయ్య అని ఒళ్ళు విరుచుకున్నాడు. ఎనిమిది రోజులుగా నిటారుగా నిలబడిన నడుము మెల్లిగా కుర్చీలోకి జారింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తీరిగ్గా తుడుచుకున్నాడు. గోడ గడియారం వైపు ఒకసారి చూశాడు. స్టాంపు ఆయన మోచేతి పక్కనే ఉంది. పెన్ను జేబులోనే ఉంది. ఆయన ఆ కాగితాన్ని చిటికెనవేలితో బయటికి తోశాడు.

“సంతకమంటే లోపల సారు చూడాలమ్మా. ఇవాళ కుదరదు, రేపు రండి.”