తెల్ల బురద

నౌషాద్ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ గేటు ముందు ఒకావిడ గోనెసంచి పట్టుకుని నిలబడి ఉంది.

"పని లేదమ్మా," అన్నాడు నౌషాద్, కారు దిగకుండానే.

"పనికి రాలేదయ్యా. నా పేరు ఆదెమ్మ. ఇది చూపిద్దామని వచ్చా."

సంచిలోంచి ఒక ఇటుక తీసింది.

"ఏందిది?"

"మీరు రాళ్లు పాలిష్ పట్టి వాగులోకి వదిలే తెల్ల బురదేనయ్యా. నేను దాచేపల్లి కాడ సిమెంటిటుకల పనికి పోతన్నా. బురద ఎండబెట్టి కలిపి చూశాం. చానా గట్టిగా వచ్చింది. ట్రాక్టరుకింతని ఇచ్చి కొంటానంటున్నాడు మా ఓనరు. మీకూ నాలుగు డబ్బులొస్తయ్, వాగూ బాగుపడుద్ది."

"మధ్యలో నీకెంత?"

"నాకేం వద్దయ్యా."

ఆ మాటతోనే నౌషాద్‌కి అనుమానం పుట్టింది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఏమీ వద్దన్న మనిషిని అతను చూడలేదు. ఎవరో పంపి ఉంటారనుకుని కారు లోపలికి పోనిచ్చాడు.

ఆమె మరో రెండుసార్లు వచ్చింది. ఆఖరిసారి వాచ్‌మన్ గేటు తియ్యలేదు. దగ్గుకుంటూ వెళ్లిపోయింది.

ఎండాకాలం వచ్చేసరికి వాగు దిగువన ఊళ్లో బోర్లన్నీ తెల్లనీళ్లు పోశాయి. జనం రోడ్డు మీద కూర్చున్నారు. ఆఫీసర్లు వచ్చి ఫ్యాక్టరీకి సీలు వేశారు.

బురద ఎక్కడికి పంపుతావో చూపిస్తేనే తాళం తీస్తామన్నారు.

పాతికమంది కూలీలు రోజూ వచ్చి, మూసిన గేటు చూసి పోతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నౌషాద్‌కి ఆదెమ్మ. వాకబు చేసుకుంటూ ఆమె ఇంటికి వెళ్లాడు.

వాకిట్లో ఆమె తమ్ముడు ఎలీషా ఉన్నాడు.

"అక్క లేదు సార్. దగ్గు ముదిరి, పోయిన నెల్లో చనిపోయింది."

నౌషాద్ అరుగు మీద కూర్చున్నాడు.

"నా ఫ్యాక్టరీ కోసం ఆమె ఎందుకు అన్నిసార్లు తిరిగింది?"

"కేసు వేద్దామే అని నేను మొత్తుకున్నా సార్. ఒప్పుకోలా. ఫ్యాక్టరీ మూస్తే పాతిక కొంపల్లో పొయ్యి వెలగదురా, ఆ బురదకి ఏదో ఒక దారి చూద్దాం అంది."

"కేసా? దేనికి?"

ఎలీషా అతని మొహంలోకి చూశాడు. నిజంగానే తెలియదని అర్థమైనట్టుంది.

"అక్క ఇటుకల పనికి ఎందుకు పోయిందనుకున్నారు? వాగొడ్డున ఆమెకున్న ఎకరం మిరపచేను మీ బురద కిందే పూడిపోయింది సార్."