పెట్టెలో తాండ్ర

"ఈ ఏడు తోటలో కాయలు ఎవులు దింపుతారు?" అని సుభద్రమ్మ అడిగేసరికి, కొడుకు మురళీమోహన్ చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. అతనికి కొత్తవలసలో సిమెంటు కొట్టుంది.

"నాకెక్కడవుతాదమ్మా? కొట్టు కాడ లారీ వచ్చి ఉన్నాది."

"పోనీ, రసం ఎవులు పిండుతారు?"

"పెళ్ళిళ్ళ రోజులు కదత్తా! జాకెట్లు గుట్టలా పడున్నాయి," అంది కోడలు ఈశ్వరి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

"కాకులు తోలడానికి మేడ మీద ఎవులు కూకుంటారు?"

"ఆ ఎండలోనా? నల్లబడిపోతాను నానమ్మా," అంది డిగ్రీ చదివే మనవరాలు గౌరి, ఫోను చూసుకుంటూ.

సుభద్రమ్మకు ఒళ్ళు మండింది. ఆవిడ వేసే మామిడి తాండ్రకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. రసంలో బెల్లం కలిపి, తాటాకు చాప మీద పల్చగా పూసి, అది ఎండాక మరో పూత, ఆ పైన మరోటి. అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పని. ఇప్పుడేమో కుడి భుజం పైకి లేవడం లేదు. ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోకపోతే ఆ పని తనతోనే పోతుందని ఆవిడ బెంగ. వీళ్ళు చూస్తే తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు.

"సరే. నా పాట్లేవో నాను పడతాను," అంది.

మర్నాటి నుంచి ఎండెక్కగానే గొడుగు, ముక్కాలిపీట, గుడ్డ కప్పిన గిన్నె పట్టుకుని మేడ ఎక్కేది. గిన్నెలో రాలిన కాయల రసం ఉందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. "ఉష్, కాకీ!" అన్న కేకలు కిందికి వినబడేవి. సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని దిగేది.

"ఎంతవరకొచ్చిందమ్మా?" అని మురళి వాలుకుర్చీలోంచే అడిగేవాడు.

"ఎక్కి సూడరా."

ఎక్కి చూసినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం ఆవిడ కిందికి దిగి, "అయిపోనాది," అంది. అంతే, ముగ్గురూ పళ్ళేలు పట్టుకుని మంచం చుట్టూ చేరారు. మంచం కింద ట్రంకు పెట్టె, దానికి తాళం. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది.

"కాయలు దింపినోలు ఎవులు?"

మురళి గోడవైపు చూశాడు.

"రసం పిండినోలు? కాకుల్ని తోలినోలు?"

గౌరి పళ్ళెం వెనక్కి దాచుకుంది.

"అయితే తినీవోలు కూడా మీరు కారు."

"నా సిన్నప్పుడు, పనికి రానోలకి రొట్టె పెట్టని కోడిపెట్ట కథ సెప్పీదానివి. ఆకరికి అది మా మీదే పెట్టీసినావా నానమ్మా?" అంది గౌరి.

"కథ వింటూ ముద్దలు మింగీసినావు గానీ, కథ నీకు ఒంటబట్టనేదే!"

ఈశ్వరి పళ్ళెం పక్కన పెట్టింది. "ఆ భుజంతో ఒక్కర్తివే పిండినావా అత్తా?"

"మరెవులు పిండుతారు?"

ఈశ్వరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైన ఆవిడ ఎండలో మాడుతుంటే తను ఫ్యాను కింద కూర్చుంది. మురళికి కూడా తలకొట్టేసినట్టయింది.

"ఆకరి కాపు ఇంకా సెట్లమీదే ఉన్నాదమ్మా. రేపు కొట్టు తియ్యను. నాను దింపుతాను," అన్నాడు.

దింపాడు, చేతులు గీరుకుపోయినా సరే. ఈశ్వరి మోచేతులదాకా రసం చేసుకుంది. గౌరి తలకి చున్నీ చుట్టుకుని మేడ మీద కర్ర పట్టుకుని కూర్చుంది. సుభద్రమ్మ పీట మీంచి అందరి మీదా పెత్తనం చేసింది.

"పల్చగా, పల్చగా! గోడకి మట్టి మెత్తుతన్నావేటే?"

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మితే కొట్లో ఉన్న మురళి కూడా బండేసుకుని పరుగున వచ్చాడు. ముగ్గురూ చాపని పసిబిడ్డలా కిందికి దించి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అందరూ కలిసి ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో! సుభద్రమ్మకు కడుపు నిండిపోయింది.

తాండ్ర కోసిన రోజు మొదటి ముక్క ఆవిడ నోట్లో పెట్టారు. ఆవిడ తొందరపడకుండా నమిలింది. ముగ్గురూ పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు ఆవిడ మొహంలోకే చూశారు.

"పక్కింటోలకీ, ఎదురింటోలకీ ముందు ఇచ్చి రండి. మా సేతి తాండ్ర అని సెప్పండి," అంది.

గౌరి ఎగిరి గంతేసింది. "ఇప్పుడైనా నీ పెట్టె తియ్యి నానమ్మా. నీదానంత బావుందో లేదో సూస్తాం."

"అక్కర్నేదే. మీదే బావుంది."

తాళం వేసిన ఆ పెట్టె ఖాళీది. ఆ వేసవిలో సుభద్రమ్మ ఒక్క కాయ కూడా పిండలేదు.