గుట్టకు పెట్టిన మైకు

జీపులోంచి మెకానిక్ దిగీ దిగగానే సువార్తమ్మ అతని కాళ్ల ముందు తుపుక్కున ఊసింది.

"థూ! నా కొడుకును పట్టియ్యనీకి మిషిని బాగుచేసేటోడివి నువ్వేనా? నీ తల్లి ఏం తిని కన్నదిరా నిన్ను!"

రెండు రోజులుగా నోరు విప్పని మనిషి ఒక్కసారిగా విరుచుకుపడేసరికి పోలీసులే బిత్తరపోయారు.

అది నలభై తొమ్మిది వేసవి. తిరుమలగిరి అవతల, గుట్టల అంచున పోలీసు క్యాంపు. కమ్యూనిస్టుల సంఘంలో చేరి అడవి పట్టిన యేసయ్య ఆ గుట్టల్లోనే ఉన్నాడని ఎవడో ఉప్పందించాడు. నెల రోజులు గాలించినా వాడి మొహం ఆనవాలు చెప్పేవాడు కూడా దొరకలేదు. ఇక చేతకాక, వేములపల్లి నుంచి వాడి ముసలితల్లిని పట్టుకొచ్చి ఎండలో కూర్చోబెట్టారు. ఏం మగతనమో! ఆమె మైకులో పిలవాలి, కొడుకు దిగి రావాలి. వస్తే ఏమవుతుందో గుట్ట వైపు గురిపెట్టిన తుపాకులే చెబుతున్నాయి.

ఇంతా చేసి మైకే మూగబోయింది. ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం తుక్కు కింద అమ్మేసిన సామానుతో కోదాడలో ఒకతను కట్టిన ఆంప్లిఫయర్ అది. నాటకాల వాళ్ల దగ్గర గుంజుకొచ్చారు. కట్టినవాడే బాగుచేయాలని ఇప్పుడు అతన్నీ ఎత్తుకొచ్చారు. పేరు సోమన్న అని చెప్పాడు.

"ముసల్దాని తిట్లకేంగానీ, ఎంతసేపు పడుతుందిరా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కోస్తా మనిషి.

"పెట్టె విప్పితే గాని చెప్పలేను సార్."

సోమన్న మరలు విప్పాడు. లారీ బ్యాటరీకి తీగలు తగిలించాడు. లోపలి గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి. గుంజకు కట్టిన హారన్ 'గుయ్' మందే తప్ప మాట లేదు. అతను వేలు తడి చేసుకుని చివరి వాల్వు తీగను తాకాడు. హారన్ బుర్రుమంది. దాని ముందు వాల్వును తాకాడు. ఇంకా గట్టిగా బుర్రుమంది.

"ఆ వేలు కాలిపోను!" అంది సువార్తమ్మ.

"నోర్ముయ్ ముసల్దానా." తల ఎత్తకుండానే అన్నాడు. "వాల్వులు మంచిగనే ఉన్నయి సార్. తప్పు మైకు తీగల ఉన్నది."

"నువ్వు కట్టిందేగా? నువ్వే చెడగొట్టావేమో?"

"చెడగొట్టేటోన్నయితే పొద్దుగూకేదాక ఎతుకుతుంటి సార్. అర్ధగంటల ఎందుకు చెప్త?"

తీగ మొదట్లో టంకం విడిపోయింది. పైకి అతుక్కున్నట్టే ఉంది, లాగితే ఊడొచ్చింది. బొగ్గుల మీద కడ్డీ కాల్చి మళ్లీ అతికాడు. మైకులో ఊదగానే హారన్ చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. పోలీసులు చెవులు మూసుకున్నారు.

"హారన్ గుట్ట దిక్కు తిప్పుండ్రి. మైకు దాని ఎనక ఉండాలె, లేకుంటే గిట్లనే మొత్తుకుంటది."

నిలబెట్టడానికి స్టాండు లేదు. సోమన్నే మైకు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"పిలువ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సువార్తమ్మ పళ్లు బిగించింది. లాఠీ లేచింది.

సోమన్న అడ్డం వచ్చాడు. "కొడితే ఏడుస్తది సార్. ఏడిస్తే మాట తెలువది. నేను చెప్త." ఆమె వైపు తిరిగాడు. "ఇను ముసల్దానా. రెండు మైళ్లు పోతది నీ గొంతు. పిలిస్తే నీ పని ఖతం, ఇంటికి పోతవ్. పిలువకుంటే గీ ఎండలనే సస్తవ్. పెద్ద మొండితనం!"

"నీ తల్లినైతే ఇట్లనే కూసోబెడ్తవారా?"

"నా తల్లైతే ఎప్పుడో పిలుస్తుండె."

సువార్తమ్మ అతన్ని మింగేసేలా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గొంతు విప్పింది.

"యేసయ్యా... కొడుకా... నీ మొఖం సూడక మూడేండ్లాయె. సచ్చేలోపల ఒక్కపారి సూస్తే సాలనుకున్న. బువ్వ తింటున్నవా బిడ్డా? బక్కగైనవ్ కావొచ్చు. రా నాయినా..."

గొంతు గుట్టలకు తగిలి తిరిగొచ్చింది. పోలీసుల వేళ్లు ట్రిగ్గర్ల మీదికి పోయాయి.

"చెయ్యి వణుకుతుందేంరా? సరిగా పట్టు!" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"కరెంటు గుంజుతున్నది సార్."

మూడుసార్లు పిలిపించారు. పొద్దు వాలింది. గుట్ట మీంచి ఒక్క మనిషీ దిగలేదు.

"నా పెట్టె తప్పు లేదు సార్" అన్నాడు సోమన్న. "అవతల మేకలోల్లు సుత ఇన్నరు. అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీని కాలితో తన్నాడు. "కన్నతల్లి ఇంతలా పిలిచినా కదల్లేదంటే వాడీ గుట్టల్లో లేడు. వెధవ కబుర్లు నమ్మి నెల పాడుచేశాం. క్యాంపు ఎత్తెయ్యండి! దీన్ని సూర్యాపేటలో పడెయ్యండి. నువ్వూ పోరా!"

సోమన్న సంచి భుజాన వేసుకున్నాడు. లారీ ఎక్కుతూ సువార్తమ్మ మళ్లీ అందుకుంది.

"పో! కృష్ణ దాటి పో! ఈ తొవ్వల మల్ల కనపడ్డవంటే నీ కాళ్లిరగ్గొడ్త! నీ మొఖం నాకు సూపియ్యకు!"

అతను గబగబా దారి పట్టాడు. ఆమె తిట్లు విని పోలీసులు నవ్వుకున్నారు.

మర్నాటి మధ్యాహ్నానికి సువార్తమ్మ వేములపల్లి చేరింది. చెల్లెలు సారమ్మ ఆమెను ఇంట్లోకి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసి, గంజి పోసి ఇచ్చింది.

"అక్కా, మన యేసయ్యకు నీ గొంతు ఇనపడ్డదంటవా?"

"ఇనపడ్డది."

"గంత దూరం ఇనపడ్డదని నీకెట్ల తెలుసే?"

సువార్తమ్మ గంజి గిన్నె కింద పెట్టి, మూడు రోజులుగా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

"మైకు పట్టుకున్నోడు వాడే."